కిట్ గిటార్ కొనేముందు ఫ్రెట్‌బోర్డ్ రేడియస్ తేల్చుకోండి: ఆర్డర్ నుంచి ఆఖరి బెండ్ దాకా నా అనుభవం

జూన్ మొదటి వారంలో, విడిభాగాలుగా వచ్చి ఇంట్లోనే బిగించుకునే గిటార్ కిట్ వెతకడం మొదలుపెట్టాను. గిటార్ పూర్తయి, పట్టిన ప్రతి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గరా శుభ్రంగా మోగేసరికి దసరా దాటింది. బాడీ చెక్క గురించీ, తీగ మోతని కరెంటుగా మార్చే పికప్పుల గురించీ, రంగు గురించీ అడిగినవాళ్లందరూ చెప్పారు. ఫ్రెట్‌బోర్డ్ రేడియస్ గురించి, అంటే ఫ్రెట్లు కొట్టిన పలకకి అడ్డంగా ఉండే గుబ్బ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. నిజానికి కిట్‌లో ఇంటి దగ్గర మార్చుకోలేని భాగం అదే. పికప్పులు నచ్చకపోతే విప్పి వేరేవి పెట్టుకుంటాం. తీగలు బిగించే ట్యూనర్లూ అంతే, బాడీ మీద తీగల్ని మోసే బ్రిడ్జీ అంతే. ఫ్రెట్లు కొట్టేసి వచ్చిన నెక్ మీద ఆ గుబ్బ మాత్రం వచ్చినది వచ్చినట్టే ఉంటుంది.

ముందు ఒక విషయం విడదీసుకోవాలి. నెక్‌కి వంపులు రెండు. పొడవునా ఉండే సన్నని పల్లం రిలీఫ్, దాన్ని నెక్ లోపలుండే కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, తిప్పి సరిచేస్తాం. బొటనవేలు వైపు నుంచి వేళ్ల వైపుకి, అడ్డంగా ఉండే గుబ్బ రేడియస్. ఫ్రెట్‌బోర్డ్ పైభాగం ఒక పెద్ద వలయంలో చిన్న ముక్క అనుకుంటే, ఆ వలయం వ్యాసార్ధమే ఈ అంకె. అంకె చిన్నదైతే గుబ్బ ఎక్కువ, పెద్దదైతే బోర్డు చదును. ఫెండర్ కంపెనీ పాత గిటార్లది 7.25 అంగుళాలు, ఈ కాలపు ఫెండర్లది ఎక్కువగా 9.5. పీఆర్ఎస్‌ది 10, గిబ్సన్‌ది 12, మార్టిన్ అకౌస్టిక్‌లది 16. ఐబనేజ్ సన్న నెక్‌లు 400, 430 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. క్లాసికల్ గిటార్ బోర్డు దాదాపు పూర్తి చదును.

ఈ అంకెల తేడా ఎంతో తెలియాలంటే చిన్న లెక్క చాలు. రేడియస్‌ని కూడా మిల్లీమీటర్లలోకి మార్చుకుని, వెడల్పుని వెడల్పుతోనే గుణించి, రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగిస్తే నడిమి ఎత్తు వస్తుంది. నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే చిన్న బద్ద) దగ్గర బోర్డు వెడల్పు 42 మి.మీ. అనుకుంటే అంచులకంటే నడుమ 7.25కి 1.2 మి.మీ., 9.5కి 0.9, 12కి 0.7, 16కి 0.5 ఎత్తుంటుంది. బాడీ దగ్గర వెడల్పు 56 అనుకుంటే అవే 2.1, 1.6, 1.3, 1.0 అవుతాయి. చూడ్డానికి పిసరంతే. కానీ గిటార్‌లో యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు, మొత్తం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల వ్యవహారం. అందులో 0.3 అంటే చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

ఎంచుకోవడానికి ముందు నాలుగు రకాల నెక్‌ల మీదా ఒకే వరస వాయించి చూశాను: మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ బార్రే (చూపుడువేలితో తీగలన్నీ ఒకేసారి నొక్కి పట్టే కార్డ్), తర్వాత 12 నుంచి 15 దాకా సన్న తీగల మీద ఫుల్ బెండ్లు (తీగను పక్కకి లాగి స్వరాన్ని ఒక పూర్తి టోన్ పెంచడం). 7.25 మీద బార్రే హాయిగా పడుతుంది. చూపుడువేలు లోపలివైపు కాస్త వంగే ఉంటుంది కాబట్టి ఆ గుబ్బ వేలికి అమరుతుంది, మధ్య తీగలు మూగబోవు. అదే నెక్ మీద యాక్షన్ తగ్గించి 14వ ఫ్రెట్ దగ్గర మొదటి తీగను లాగితే స్వరం తెగిపోతుంది. 16 మీద బెండ్లు ఎంత లాగినా మోగుతాయి, బార్రే దగ్గర మాత్రం వేలిని బాగా అదిమిపట్టాలి.

తెగడానికి కారణం ఇది. లాగినప్పుడు తీగ, వేలు ఉన్నచోట గుబ్బ నడుమకి ఎక్కుతుంది. రెండో కొస బ్రిడ్జి అంచు దగ్గరే ఉండిపోతుంది. అంటే నిటారు తీగ ఒకటి గుబ్బకి ఏటవాలుగా అడ్డం పడుతుంది, దారిలో ఉన్న ఫ్రెట్లకి దగ్గరవుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర యాక్షన్ 1.6 ఉంటే, అక్కడ నొక్కినప్పుడు 13వ ఫ్రెట్ మీద తీగకి ఉండే జాగా సుమారు 0.18 మి.మీ. మాత్రమే. ఫుల్ బెండ్‌కి 7.25 రేడియస్ ఆ జాగాలో దాదాపు నాలుగో వంతు మింగేస్తుంది, 12 అయితే ఆరో వంతు, 16 అయితే ఎనిమిదో వంతు. ఆ ఫ్రెట్ రవ్వంత ఎత్తుగా ఉందంటే 7.25 మీద మిగిలేది ఏమీ ఉండదు. మన వీణ మెట్లు పైన తిన్నగా, చదునుగా ఉంటాయి. గమకం కోసం తీగను మెట్టు పొడవునా ఎంత దూరం లాగినా అడ్డం వచ్చే గుబ్బ ఉండదు. బొబ్బిలి వీణ దగ్గర కూర్చుని ఒకసారి చూస్తే గిటార్‌లో ఈ గుబ్బ ఏం చేస్తోందో వెంటనే బోధపడుతుంది.

నాకు బార్రేలూ కావాలి, ఫుల్ బెండ్లూ కావాలి. కాబట్టి 12 నుంచి 14 మధ్య అని తీర్మానించుకున్నాను. అక్కడ అసలు ఇబ్బంది మొదలైంది. కిట్ అమ్మే పేజీల్లో స్కేల్ (మోగే తీగ పొడవు) 648 మి.మీ., ఫ్రెట్లు 22, నట్ 42 అని అన్నీ రాస్తారు, రేడియస్ ఉండదు. అడిగితే ఒకరు ‘స్టాండర్డ్’ అన్నారు, ఇంకొకరు జవాబే ఇవ్వలేదు. స్టాండర్డ్ అనే జవాబుకి అర్థం లేదు. 9.5 కూడా స్టాండర్డే, 12 కూడా స్టాండర్డే. చివరికి విదేశీ అమ్మకందారు ఒకరు ‘ఆర్350’ అని రాశారు. ఫ్యాక్టరీలు మిల్లీమీటర్లలో మాట్లాడతాయి: ఆర్184 అంటే 7.25, ఆర్241 అంటే 9.5, ఆర్305 అంటే 12, ఆర్350 అంటే సుమారు 13.8 అంగుళాలు. అంగుళాల్లో అడిగితే తెల్లమొహం వేసేవాళ్లు ‘ఆర్ ఎంత?’ అంటే టక్కున చెప్తారు. ఆ అంకె చెప్పగలిగారంటే నెక్ ఎక్కడ తయారైందో, ఎలా తయారైందో తెలిసినవాళ్లన్నమాట. అందుకే వాళ్ల దగ్గరే కొన్నాను.

అదే ధరలో అతికించే నెక్ ఉన్న కిట్ కూడా చూశాను, వద్దనుకున్నాను. కారణం బ్రిడ్జి. ఆ రకానికి ట్యూనోమాటిక్ బ్రిడ్జి వస్తుంది, దాని శాడిళ్లు (తీగలు ఆనే చిన్న దిమ్మలు) సాధారణంగా 12 అంగుళాల వరసలో బిగించి ఉంటాయి, ఒక్కోదాన్ని విడిగా ఎత్తలేం. నెక్ 9.5 అయితే బ్రిడ్జి దగ్గర 0.3 మి.మీ. తేడా వస్తుంది, నడిమి తీగలు కిందికి, అంచు తీగలు పైకి అవుతాయి. శాడిల్ గాళ్లు ఆకురాయితో లోతు చేసి సర్దాలి. ఫ్లాయిడ్ రోజ్ అనే రకం బ్రిడ్జి అయితే 10 అంగుళాలు. దాన్ని 16 నెక్ మీద పెడితే నడిమి తీగలు బ్రిడ్జి దగ్గర అర మిల్లీమీటరు ఎత్తున నిలబడతాయి, శాడిళ్ల కింద పల్చని రేకులు పెట్టాల్సి వస్తుంది. ఆరు శాడిళ్లూ విడివిడిగా ఎత్తగలిగే, ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా బ్రిడ్జి ఏ రేడియస్‌కైనా సర్దుకుంటుంది. మొదటిసారి కిట్ కట్టేవాళ్లకి నేను ఇదే చెప్తాను: బోల్టు నెక్, ఆరు శాడిళ్ల బ్రిడ్జి. నెక్ నచ్చకపోతే నాలుగు స్క్రూలు విప్పి వేరే నెక్ బిగించుకోవచ్చు.

కిట్ 10,800 రూపాయలు, రవాణా 4,200. కస్టమ్స్ సుంకం సరుకు ధర ఒక్కదాని మీద వేయరు, రవాణా ఖర్చు కూడా కలిపి లెక్కగడతారు. ఆ సంగతి బడ్జెట్‌లో ముందే రాసుకోండి. బాక్సు జూన్ చివర్లో బయల్దేరి, కస్టమ్స్ దగ్గరే దాదాపు మూడు వారాలు ఆగింది. ట్రాకింగ్‌లో ఒకే వాక్యం రోజూ కనిపిస్తుంటే, వానాకాలంలో ఏ గోదాములో ఎలా పడేశారో అని నెక్ గురించే బెంగ.

ఆ ఖాళీలో రేడియస్ కొలిచే గేజ్‌లు చేసుకున్నాను. స్టీలు సెట్ ఏడెనిమిది వందలకి దొరుకుతుంది, కానీ కొనకుండా కూడా పని జరుగుతుంది. స్కేలు బద్దకి రెండు రంధ్రాలు, వాటి మధ్య దూరం 350 మి.మీ. ఒకదాంట్లో మేకు, ఇంకోదాంట్లో పదునైన కట్టర్ మొన. దళసరి ప్లాస్టిక్ షీటు మీద చాపం గీసి, బయటి ముక్కని గేజ్‌గా వాడాలి. దారం వాడితే సాగుతుంది, అంకె తప్పుతుంది. 241, 305, 350, 406లకి ఒక్కోటి చేసి, అంకెలు మార్కర్‌తో రాసి పెట్టుకున్నాను.

జూలై చివర్లో బాక్సు విప్పగానే బాడీ కూడా చూడకుండా నెక్ తీశాను. కొలవాల్సింది బాడీ వైపు కొసన. నట్ దగ్గర 9.5కీ 12కీ తేడా 0.2 లోపే, చేతి వణుకులోనే కలిసిపోతుంది. వెడల్పు చోట 0.34 ఉంటుంది. గేజ్‌ని రెండు ఫ్రెట్ల మధ్య చెక్క మీద నిలువుగా ఆనించి వెనక ఫోన్ టార్చి పెట్టాలి. నడుమ వెలుతురు కనిపిస్తే బోర్డు ఆ గేజ్ కంటే చదును. అంచుల్లో వెలుతురు కనిపించి గేజ్ ఊగితే బోర్డు గుబ్బ ఎక్కువ. 305 గేజ్ పెట్టినప్పుడు నడుమ సన్నని వెలుగు గీత కనిపించింది. 350 పెట్టగానే ఆ గీత మాయమైంది. పేపర్ మీద అంకె చేతిలో నిజమైనప్పుడు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

అక్కడితో ఆగకూడదు. అదే గేజ్‌ని 1, 7, 12, ఆఖరి ఫ్రెట్ల దగ్గర పెట్టి చూడండి. ఆ తర్వాత గేజ్‌ని అటుదిటు తిప్పి మళ్లీ పెట్టండి. తిప్పినప్పుడు వెలుతురు కూడా పక్క మారితే తప్పు గేజ్‌ది. తిప్పినా ఒకే పక్క నిలిచి ఉంటే గుబ్బ శిఖరం నడుమ లేదని అర్థం, చవక నెక్‌లలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఒకవైపు అంచు తీగ ఎప్పుడూ ఇంకోవైపు కంటే ఎత్తుగా అనిపించడానికి ఇదో కారణం. నాకొచ్చిన నెక్‌లో శిఖరం లావు తీగల వైపు పిసరంత జరిగి ఉంది, బ్రిడ్జి దగ్గర సర్దుకోదగ్గంతే.

రేడియస్ సరిపోలేదనుకోండి, గీకి మార్చేద్దామనే ఆలోచన వద్దు. 9.5ని 12 చేయాలంటే వెడల్పు చోట నడుమ 0.34 మి.మీ. చెక్క పోవాలి. అంతకుముందు ఫ్రెట్లన్నీ పీకాలి, పీకేటప్పుడు రోజ్‌వుడ్ పెచ్చులు లేస్తుంది. గీకాక నడుమ గాళ్ల లోతు అంతమేర తగ్గుతుంది, ఫ్రెట్ కాలు అడుగుకి తగిలి పూర్తిగా దిగదు. మళ్లీ రంపంతో లోతు చేయాలి, కొత్త ఫ్రెట్లు కొట్టాలి. పనిమంతుల చేత చేయిస్తే కిట్ ధరలో సగానికి పైనే అవుతుంది. ఆ డబ్బుతో వేరే నెక్ వస్తుంది.

ఫ్రెట్ల సంగతి మరో రకం. ఫ్రెట్‌ని బోర్డు కంటే కాస్త ఎక్కువ వంచి కొడితే చివరలు చెక్కని కరిచి పట్టుకుంటాయి. ఫ్యాక్టరీలో తక్కువ వంచి కొట్టినవాటి కొసలు కొన్ని నెలలకి పైకి లేస్తాయి. పల్చని కాగితం ముక్కని ఫ్రెట్ కొస కింద తోసి చూడండి, దూరిందంటే లేచినట్టే. నాకు 9, 14, 19 ఫ్రెట్ల కొసల కింద కాగితం దూరింది. చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, కొస కింద ఫెవిక్విక్ ఒక్క బొట్టు పాకనిచ్చి, పైన చెక్క దిమ్మ పెట్టి సీ క్లాంపుతో బిగించాను. ఆ దిమ్మ అడుగు 350 చాపానికి చెక్కి ఉండాలి. చదును దిమ్మ పెడితే నడుమ మాత్రమే నొక్కి కొసల్ని ఇంకా లేపుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున్నే తీశాను, కాగితం ఇక దూరలేదు.

బాడీకి రంగు వేసిన ఆగస్టు నెలంతా ఎదురుచూపే. విశాఖలో ఆ నెల గాలి తడిగా ఉంటుంది. స్ప్రే లాకర్ వేస్తే పైన తెల్లటి మసక కడుతుంది, కాబట్టి నూనె పూత వేసి పల్చగా పొర మీద పొర ఆరనిచ్చాను. నెక్‌ని మాత్రం తీగలు పెట్టి, పాడుబడ్డ పాత బాడీకి బిగించి, తీగల లాగుడు మీదే ఉంచాను. కొత్త నెక్ తీగల లాగుడికి ఒక రూపానికి వచ్చాకే ఫ్రెట్లు సమం చేయాలి. ఆ కొద్ది వారాల్లో రిలీఫ్ రెండుసార్లు మారింది. రేడియస్ మారలేదు, అది వాతావరణానికి లొంగేది కాదు.

సెప్టెంబరులో ఫ్రెట్ల సమం. ఇక్కడ ఎక్కువమంది 12 అంగుళాల రేడియస్ దిమ్మ (అడుగున ఆ వంపు చెక్కి ఉన్న దిమ్మ) కొంటారు. బోర్డు అంతకంటే చదునైతే ఆ దిమ్మ అంచుల్లోనే ఆనుతుంది, మొదటి, ఆరో తీగల కింద ఫ్రెట్లు అరిగిపోతాయి. రేడియస్ కచ్చితంగా కలిస్తేనే ఆ దిమ్మ వాడాలి. చదును దూలమైతే ఏ రేడియస్‌కైనా పనికొస్తుంది. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో దీర్ఘచతురస్రపు గొట్టం ముక్క అడిగి తెచ్చుకున్నాను. దళసరి గాజు పలక మీద ఆనించి ఊగకుండా ఉన్నదే ఏరుకోవాలి. దానికి 400 నంబరు వాటర్ పేపర్ అతికించి, ఎలెన్ కీతో ట్రస్ రాడ్ తిప్పి నెక్‌ని తిన్నగా చేసి, ఫ్రెట్ల నెత్తిన మార్కర్ పూసి, ఒక్కో తీగ దారిలోనే బరువు వేయకుండా లాగాలి. తీగలు నట్ దగ్గర దగ్గరగా, బ్రిడ్జి దగ్గర ఎడంగా ఉంటాయి కాబట్టి దూలం కూడా ఆ ఏటవాలునే పోవాలి. ప్రతి ఫ్రెట్ మీదా సిరా చెరిగిందంటే అయిపోయినట్టే, ఆ తర్వాత ఒక్క గీత కూడా ఎక్కువ లాగకూడదు. చదునైన నెత్తిని క్రౌనింగ్ ఆకురాయితో మళ్లీ గుండ్రం చేసి, 600, 1000, 2000 పేపర్లతో మెరుగు పెట్టాను. స్టీల్ ఊల్ వాడేవాళ్లు పికప్పుల మీద టేపు వేయడం మరవద్దు, ఇనుప రజను అయస్కాంతాలకి అంటుకుంటే వదలదు.

నట్ దగ్గర ఇంకో చిన్న ఆశ్చర్యం. కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ నట్ గాళ్ల అడుగులు బోర్డు కంటే ఎక్కువ గుబ్బ వరసలో కోసి ఉన్నాయి. అందువల్ల మూడో, నాలుగో తీగలు ఎత్తుగా నిలిచి, మొదటి ఫ్రెట్ దగ్గర మూడోదైన జీ తీగ నొక్కితే స్వరం పెరిగిపోయేది. ట్యూనింగ్ చెడిందనుకుని ట్యూనర్లు మార్చేవాళ్లు చాలామంది ఉంటారు. మూడో ఫ్రెట్ దగ్గర తీగని నొక్కి, మొదటి ఫ్రెట్ మీద జాగా ఎంతో చూడండి. బండి మెకానిక్కులు వాడే ఫీలర్ గేజ్ ఆటోమొబైల్ షాపులో దొరుకుతుంది, 0.1 మి.మీ. ఆకు అందులో కాస్త ఆనుతూ జారితే సరి. అంతకంటే ఎత్తున్న గాళ్లని సన్న ఆకురాయితో, హెడ్‌స్టాక్ వైపుకి వాలుగా, కొద్దికొద్దిగా దింపాలి.

ఇక బ్రిడ్జి. ముందు రెండు అంచు తీగల్నే సర్దుకోవాలి. ఫెండర్ కంపెనీ తన నెక్‌లకి చెప్పే కొలతలు మంచి మొదలు: 7.25కి లావు తీగ దగ్గర 2.0, సన్న తీగ దగ్గర 1.6 మి.మీ., 9.5 నుంచి 12 దాకా రెండు వైపులా 1.6, 15 నుంచి 17కి 1.6, 1.2. ఫెండర్ వీటిని 17వ ఫ్రెట్ దగ్గర కొలవమంటుంది. రిలీఫ్ వరుసగా 0.3, 0.25, 0.2. రేడియస్ పెరిగేకొద్దీ యాక్షన్ ఎంత కిందికి దింపవచ్చో ఈ వరసలోనే కనిపిస్తుంది. అంచు తీగలు కుదిరాక, 350 గేజ్ కోసినప్పుడు మిగిలిన లోపలి ముక్కని (గుబ్బగా ఉన్నదాన్ని) శాడిళ్ల ముందు తీగల కిందికి దూర్చి, నడిమి నాలుగు శాడిళ్లనీ చిన్న ఎలెన్ కీతో ఒక్కోటీ తీగ ఆ ముక్కని తాకేదాకా తిప్పాలి. ఒక్కో శాడిల్‌కి రెండు స్క్రూలు, రెండూ సమంగా తిరగకపోతే శాడిల్ ఒరుగుతుంది, తీగ దాని మీద జారి గరగరలాడుతుంది. అంతా అయ్యాక ఒక్కో తీగ కింద ఎత్తు ఫ్రెట్ మీద మళ్లీ కొలిచాకే నమ్మాలి. శిఖరం పక్కకి జరిగిన నెక్‌లో గేజ్ చెప్పినదానికీ ఫ్రెట్ మీద ఉన్నదానికీ పదో వంతు మిల్లీమీటరు తేడా ఉంటుంది.

చివరి పరీక్ష బెండ్లదే. 10వ ఫ్రెట్ నుంచి పైకి, మొదటి రెండు తీగల మీద, ఒక్కో ఫ్రెట్ దగ్గరా ఫుల్ బెండ్ లాగి స్వరం చివరిదాకా నిలుస్తుందా అని విన్నాను. 15 దగ్గర మొదటి తీగ సగంలోనే చచ్చింది. అక్కడ నొక్కినప్పుడు ఆనుతున్నది 18, 19 ఫ్రెట్లు. నెక్ బాడీకి బిగిసేచోట ఆ చివరి భాగం రవ్వంత పైకి లేచి ఉండడం బోల్టు నెక్‌లకి మామూలే. 17 నుంచి 22 దాకా ఫ్రెట్ల నెత్తిన మళ్లీ సిరా పూసి, దూలంతో చాలా తేలిగ్గా ఇంకొన్ని గీతలు లాగాను. ఆఖరి ఫ్రెట్ దగ్గర ఒక పదో వంతు తగ్గేలా, అంతకు మించకుండా. క్రౌన్ చేసి, మెరుగు పెట్టి, తీగలు ఎక్కించి, అదే 15 దగ్గర మళ్లీ లాగాను. స్వరం పైకెళ్లి అక్కడే నిలబడింది, నేను వేలు దించేదాకా తగ్గలేదు. ఇప్పుడు సన్న తీగ 1.4 దగ్గర ఉంది, 350 నెక్ మీద ఇంకా దింపడానికి జాగా ఉంది, కానీ నాకు వేలి కింద కాస్త పట్టు కావాలి కాబట్టి అక్కడే ఆపాను.